ముట్టు, పనిముట్టు

నాకు సాంబ్రాణి వాసన పడదు. శుక్రవారం సాయంత్రం మా అపార్టుమెంటులో ఎవరో ఒకరు ధూపం వేస్తారు. ఆ పొగ మెట్ల మీదుగా మా గుమ్మంలోకి వస్తుంది. నేను లేచి దడాలున తలుపు వేస్తాను. ముసలిదానికి వయసుతోపాటు నాస్తికత్వం కూడా పట్టిందని ఇంట్లోవాళ్ళు నవ్వుకుంటారు. దేవుడితో నాకు పేచీ లేదు. నా పేచీ ఆ పొగతోనే. ఆ కోపం పుట్టి అరవై ఏళ్ళు దాటినా తగ్గలేదు. తగ్గించుకోవాలని నేను అనుకోవడమూ లేదు.

ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ ఈ శేరిలింగంపల్లి వైపు అప్పట్లో ఎటు చూసినా బండరాళ్ళు, జొన్నచేలు, సీతాఫలం పొదలు. రైలు స్టేషనుకు ఫర్లాంగు దూరంలో మా అత్తగారిల్లు. నాకు పంతొమ్మిదేళ్ళు, పెళ్ళయి రెండేళ్ళు. మా మామ ఫొటోలు తీసేవాడు. కూకట్‌పల్లి దాటితే పటాన్‌చెరు దాకా కెమెరా ఉన్న ఇల్లు మాదొక్కటే. మనిషి ఎత్తు ముక్కాలి మీద నిలబెట్టే చెక్క పెట్టె, వెనక నల్లగుడ్డ, ముందు ఇత్తడి గొట్టంలో లెన్సు. పెట్టెను ఊళ్ళో వడ్లాయనే చేశాడు. లెన్సు మాత్రం బొల్లారం దండు నుంచి తన దేశానికి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర కొన్నది. మా ఇంటికి వచ్చేనాటికే అది నాకంటే, మా మామకంటే కూడా పాతది.

రాజ్యం మారే రోజులవి. ఎవరు ఎటు పోతారో, ఎవరు మిగులుతారో తెలియక, ఇంటిల్లిపాదీ కలిసి ఉండగానే ఒక తస్వీరు దిగాలని జనం వచ్చేవారు. నిజాంపేట నుంచి, కొండాపురం నుంచి ఎడ్లబండ్లు కట్టుకుని, పెట్టెల్లోంచి తీసిన పట్టుబట్టలు ముడతలతోనే కట్టుకుని వచ్చేవారు. మేం తినే తిండి ఆ ఇత్తడి గొట్టంలోంచే వచ్చేది. ఆ సంగతి నాకు చెప్పకుండానే తెలుసు.

మా బాపు సిటీలో గడియారాలు బాగుచేసేవాడు. కళ్ళద్దాలు, దుర్భిణీలు, అప్పుడప్పుడూ కెమెరా లెన్సులు కూడా ఆయన దగ్గరికి వచ్చేవి. ఆయనకు చూపు తగ్గాక సన్న మరలన్నీ నా చేతనే విప్పించేవాడు. లోపల మసక పట్టిన లెన్సు వస్తే అది నా పనే. బయటి మసక ఎవరైనా తుడుస్తారు. లోపలిది తుడవాలంటే ముందు విప్పడం రావాలి, అంతకంటే ముందు అది లోపల ఉందని గుర్తుపట్టడం రావాలి. పెళ్ళినాడు బాపు నా పెట్టెలో చీరల కింద, సన్న మరలు పెద్దగా కనబడేలా కంటికి బిగించుకునే కంటి అద్దం ఒకటి, రెండు చిన్న స్క్రూడ్రైవర్లు, బిరడా బిగించిన స్పిరిట్ సీసా పెట్టాడు. "ఏమో బిడ్డా, ఎప్పుడన్న అక్కరకొస్తయి" అన్నాడు. అత్తగారింట్లో పెట్టె తెరిచినప్పుడు మా అత్త వాటిని వేలితో కదిపి చూసి, "ఇవేం సామాన్లే, పండ్లు పీకెటోని లెక్క?" అన్నది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, కొత్త కోడల్ని కదా.

ఆ ఇంట్లో ముట్టు పట్టింపు గట్టిది. పెరట్లో పిడకల కొట్టం పక్కన ఒక చిన్న గది ఉండేది. నెలనెలా మూడు రోజులు నేను అందులోనే. చాప వేరు, చెంబు వేరు, కట్టుకునే పాత చీరలు వేరు. మా అత్త అన్నం తెచ్చి గడప మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగాక నేను తీసుకోవాలి. నాలుగో రోజు తలస్నానం చేసి ఇంట్లోకి వస్తే, ఆ మూడు రోజుల అంట్లూ, బట్టలూ నాకోసం కుప్పపోసి ఉండేవి. అప్పుడు మాత్రం నా చెయ్యి అన్నిటికీ పనికివచ్చేది.

ఆ ఏడు వానాకాలంలో నేను బయట ఉన్న రెండో రోజు మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. మామా, మా ఆయనా సంతకు పోయారు. అత్త పక్కింట్లో చిక్కుకుపోయింది. నా గదిలోంచి చూస్తే ఫొటో గది పైకప్పు మీద ఒక పెంకు జారి ఉంది. ఆ సందులోంచి నీళ్ళు లోపలికి ధారగా పడుతున్నాయి. కింద ఏముందో నాకు తెలుసు. ఉరికి పోయి కెమెరాను గోడ దగ్గరికి లాగి, లెన్సు ఊడదీసి, పొడిగుడ్డలో చుట్టి అల్మారాలో పెట్టాను. తిరిగి వస్తుంటే, వాన తెరిపివ్వడంతో పక్కింటి నుంచి వచ్చిన అత్త ఎదురైంది. నేను ఏ గదిలోంచి వస్తున్నానో చూసింది. ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తడిసిపోకుండా కాపాడానన్న మాట నేను సగం చెప్పేలోపే ఆమె బావి దగ్గరికి పోయి నీళ్ళు తోడి ఫొటో గదిలో పసుపునీళ్ళు చల్లడం మొదలుపెట్టింది.

నిజం చెప్పాలంటే, లెన్సు లోపలి మసక ఆ వానకు ముందే మొదలైంది. ఫొటోల్లో నల్లటి జుట్టు బూడిదరంగుకు తిరగడం, తెల్ల ధోవతుల అంచులు పక్కకు కారినట్టు కనబడడం నేను ఎండాకాలంలోనే గమనించాను. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. వాన పడిన పది రోజులకు పక్క ఊరి పటేలు కుటుంబంతో వచ్చి ఫొటో దిగాడు. అచ్చు వేసి ఇస్తే వాకిట్లో నిలబడి అందరికీ వినబడేలా అన్నాడు: "ఏందయ్యా ఇది? మేం తస్వీరు దిగనీకి వచ్చినమా, పొయ్యికాడ పొగల కూసోనీకి వచ్చినమా?"

వాళ్ళ నాయనమ్మ ఒక్కతే సంబరపడింది. "మూతి మీద మడతలన్ని పోయినయిరా. మంచిగనే ఉన్నది, ఊకోండ్రి" అన్నది. ఆమె మాట ఎవరూ వినలేదు. పటేలు ఫొటో అక్కడే పడేసి పోయాడు.

మామ లెన్సును ముందూ వెనకా ధోవతి చెంగుతో తుడిచాడు. మళ్ళీ తీశాడు. అదే మసక. అప్పుడు మా అత్త తీర్పు చెప్పింది. "ముట్టు తగిలింది. అద్దానికి పొరొచ్చింది." ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ ఆ వాన రోజు కథ చెప్పింది. కథలో వాన ఉండేది కాదు.

ఇగ మొదలైంది వైద్యం. మంగళవారం, శుక్రవారం లెన్సు ముందు ఆముదం దీపం. నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి వేసి, పొగ ముద్దలు ముద్దలుగా లేస్తుంటే ఆ పళ్ళెం లెన్సు చుట్టూ తిప్పేది. కర్పూర హారతి దాదాపు అద్దానికి తగిలేంత దగ్గరికి పెట్టేది. అది చాలక, ఇత్తడికి చలవ చేస్తుందని గొట్టం మధ్యలో తిరిగే పట్టీకి వేలితో ఆముదం రాసేది. ఆ పట్టీ సందులోంచే లోపలికి గాలి ఆడుతుంది. ఆ పొగా, ఆ నూనె ఆవిరీ ఎక్కడికి పోతాయి? తిన్నగా లోపలికి పోయి అద్దాల మీద కూర్చుంటాయి. వారం వారం పొర మందమవుతుంటే, వారం వారం ఆమె ఇంకా ఎక్కువ సాంబ్రాణి వేసేది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూ పళ్ళు నూరుకునేదాన్ని.

మా ఆయనతో చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. అమ్మ ముందు నోరు తెరవడం ఒక్కటి రాదు. "జర ఊకో, అమ్మ వింటది" అన్నాడు. ఆయన నాకు ఆ రెండేళ్ళలో ఇచ్చిన సలహా అదొక్కటే. ఇక ఉండబట్టలేక ఒకరోజు నేనే అడిగాను.

"అత్తమ్మా, పొర బయట లేదు, లోపట ఉన్నది. ఆముదం ఆవిరి లోపట కూసుంటున్నది. గొట్టం విప్పి తుడిస్తె పోతది. నాకొస్తది ఆ పని."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "లోపట ఉన్నదని నీకెట్ల తెలుసు? నువ్వు పెట్టిందేనాయె."

నేను చీపురు తీసుకుని వాకిలి ఊడ్వడానికి పోయాను.

ఆ సాయంత్రమే మామ అరుగు మీద కూర్చుని ఉండగా, నేను వినేలా అత్త గట్టిగా అన్నది: "దసరా దాకా చూస్తం. పొర పోతె సరే. పోకుంటె పిల్లను తల్లిగారింట్ల దింపొద్దాం. పనిముట్టుకు అచ్చిరాని పిల్ల ఇంట్ల ఎందుకు?" మామ కాదనలేదు. మా ఆయన లోపలి గదిలో ఉన్నాడు, బయటికి రాలేదు. పనిముట్టు అన్న మాటలోనే ముట్టు ఉందని నాకు ఆ రోజే తట్టింది. చేత్తో ముడితేనే కదా అది పనిముట్టు. ఆ రాత్రి పెట్టె తెరిచి, చీరల కింది స్పిరిట్ సీసా బిరడా వదులైందేమో చూశాను. సిటీలో చూపు మందగించిన మా బాపు ముందు, దరిద్రపు చెయ్యి అనిపించుకుని పెట్టెతో దిగడం నా వల్ల కాదనుకున్నాను. ఆ చేతికి పని నేర్పింది ఆయనే.

ఎప్పుడు విప్పాలి? ఇంట్లో ఉంటే తెల్లవారిన దగ్గర్నుంచి పిలుపే. నీళ్ళు తే, రొట్టెలు చెయ్యి, పిడకలు కొట్టు. నెల మొత్తంలో నన్ను ఎవరూ పిలవని రోజులు మూడే మూడు. ఎవరూ నా గదిలోకి తొంగిచూడని రోజులూ అవే. ఆ ఆలోచన వచ్చినప్పుడు నాకు నవ్వు వచ్చింది, కోపంలో వచ్చే నవ్వు.

తరువాతి నెల ముట్టు వచ్చిన పొద్దున, ఎవరికీ చెప్పకముందే ఫొటో గదిలోకి పోయాను. మామ ఇంకో లెన్సు ఎక్కడైనా దొరుకుతుందేమోనని సిటీకి పోయి ఉన్నాడు. లెన్సు గూట్లో ఎర్రగుడ్డ చుట్టుకుని ఉంది. మామ ఇంట లేనప్పుడు అత్త ఆ గుడ్డ విప్పేది కాదు, మూటకే హారతి ఇచ్చేది. దాన్ని తీసి, బాపు ఇచ్చిన సామాన్లతోపాటు కొంగులో ముడేసుకుని, అంతే ఎత్తున్న ఇత్తడి చెంబు ఒకటి ఆ గుడ్డలో చుట్టి గూట్లో పెట్టాను. ఆ తరువాత పెరట్లోకి పోయి, బయట చేరానని కేకేసి చెప్పాను.

మర్నాడు శుక్రవారం. నా గదిలో కూర్చుని ఉంటే ఇంట్లోంచి గంట చప్పుడు, సాంబ్రాణి పొగ. మా అత్త చెంబుకు హారతి ఇస్తోంది.

గొట్టం రెండు భాగాలు. ముందు అద్దాలు ఒక ముక్కలో, వెనక అద్దాలు ఒక ముక్కలో, మధ్యలో వెలుతురును పెద్దదీ చిన్నదీ చేసే సన్నటి రెక్కలు. రెండు వైపులా మరలాగా తిప్పితే ఊడి రావాలి. రాలేదు. ఆముదం ఎండి మరల్లో జిగురులాగా పట్టేసింది. మొదటి రోజంతా దాన్ని కిటికీ ఎండలో పెట్టాను. ఇత్తడి వేడెక్కాక గుడ్డ చుట్టి ఇటు కొంచెం, అటు కొంచెం తిప్పాను. బలం పెడితే గొట్టం సొట్టపోతుంది. రెండో రోజు మధ్యాహ్నానికి కిర్రుమని కదిలింది.

కంటి అద్దం పెట్టుకుని లోపలికి చూశాను. చల్ల తాగేసిన గ్లాసు లోపల మిగిలే తెల్లదనం ఉంటుందే, సరిగ్గా అలా ఉంది పొర. వేలు పెడితే జిడ్డు. వాసన చూస్తే సాంబ్రాణి. నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను ఇల్లు దాటిస్తామన్న దోషం ఇది, వాళ్ళ సొంత దేవుడి గూట్లోంచి వచ్చింది.

తుడవడానికి గంజి అంటని, చాలాసార్లు ఉతికి మెత్తబడ్డ నూలు గుడ్డ కావాలి. కొత్త గుడ్డ గీకుతుంది. అంత మెత్తటి గుడ్డ ఇంట్లో ఎక్కడ ఉంటుందో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆ మూడు రోజుల కోసమే ఉతికి, ఎండబెట్టి, మడతపెట్టి ఉంచుకునే పాత చీర ముక్కలు. అందులో వాడనిది ఒకటి చింపాను. అద్దాలు ఒకదానికొకటి బంకతో అతికించి ఉంటాయి. స్పిరిట్ ఎక్కువైతే అంచుల్లోంచి ఆ బంకలోకి దిగి లెన్సు శాశ్వతంగా పోతుంది. అందుకని గుడ్డ కొసను స్పిరిట్లో అద్ది, పిండి, అరచేతి మీద ఒకసారి ఆరనిచ్చి, నడిమి నుంచి అంచుకు చుట్లు తిప్పుతూ తుడిచాను. నొక్కకూడదు. రెక్కల జోలికి పోకూడదు. ఒక చుట్టుకు ఒక కొస, మళ్ళీ అదే కొస వాడకూడదు. మూడుసార్లు తుడిచాక తెల్లగోడకు ఎదురుగా పట్టి ఏటవాలుగా చూస్తే ఇంకా ఒక చార మిగిలింది. దాని కోసం మళ్ళీ మొదలుపెట్టాను. చేతులు చెమట పడుతుంటే ఆపి తుడుచుకున్నాను. ఒక్క గీత పడినా పోయేది నా కాపురం ఒక్కటే కాదు, ఆ ఇంట్లో నలుగురి తిండి. ఆ నలుగురిలో ఒకామె గడప మీద అన్నం పెట్టి, "తిన్నవా?" అని దూరం నుంచే అరిచి పోయింది. తిన్నానని అరిచాను.

మూడో రోజు ఎండ నడినెత్తికి వచ్చాక, తేమ లేదని చూసుకుని, గొట్టం మూశాను. నాలుగో రోజు తలస్నానం చేసి, చెంబును చెంబుల్లో పెట్టి, లెన్సును గూట్లో పెట్టాను.

మామ సిటీ నుంచి ఉత్త చేతులతో వచ్చాడు. ఒకసారి చూద్దామని మా ఆయనను వాకిట్లో నిలబెట్టి ఫొటో తీశాడు. గాజు పలకను కడిగి వెలుతురుకు పట్టి చూశాడు. మా ఆయన మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. అత్త చేతులు జోడించింది. "నేను చెప్పలేదా? ధూపం తోనే పోయింది" అన్నది. దసరాకు కెమెరాకు బంతిపూల దండ వేశారు, నన్ను పంపలేదు. నేను నోరు మూసుకున్నాను. భయం. ఆ నోరు మూసుకున్నందుకు నా మీద నాకున్న కోపం కూడా ఈ లెక్కలోనే కలపాలి.

నెగ్గిన మందును ఎవరైనా ఆపుతారా? సాంబ్రాణి రెట్టింపు అయింది. దీపావళి వెనక మళ్ళీ మసక. మళ్ళీ నా మూడు రోజుల్లో తీసుకుపోయి తుడిచాను. పుష్యమాసంలో ఇంకోసారి. ప్రతిసారీ పేరు ధూపానికే పోయింది. ఒకరోజు పక్కింటామె తన మగ్గం సరిగ్గా ఆడడం లేదంటే, మా అత్త సాంబ్రాణి ఎంత వెయ్యాలో, ఏ చేత్తో తిప్పాలో నేర్పుతోంది. "మా కోడలు ముట్టి ఆగం చేసిందాన్నే బాగుచేసిన, నీదెంత?" అన్నది. నేను రుబ్బురోలు దగ్గర ఉన్నాను. ఆ రోజే నిశ్చయించుకున్నాను, ఇక తుడవనని.

తుడవలేదు. మాఘమాసం పెళ్ళిళ్ళు వచ్చాయి. మసక వచ్చింది, ముదిరింది. ఒక పెళ్ళికూతురి ఫొటో పూర్తిగా పోయింది, ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ. పెళ్ళివాళ్ళు వాకిట్లో గొడవచేసి పోయారు. మామ ఆ పలకను నేలకేసి కొట్టాడు. మా అత్త నా వైపు తిరిగింది.

"మల్ల ముట్టినవా? నిజం చెప్పు, మల్ల ముట్టినవా?"

"ముట్టినందుకు కాదు అత్తమ్మా, ముట్టనందుకు గిట్లయింది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "మూడుమార్లు పొర తుడిచింది నేను. బయటున్న దినాలల్ల, ఆ గదిల కూసోని, ఈ చేతులతోని తుడిచిన. ఈపారి తుడువలే. మొదటిమారు నువ్వు హారతిచ్చింది చెంబుకు."

మా ఆయన "జర..." అన్నాడు. నేను చూసిన చూపుకు ఆ మాట అక్కడే ఆగిపోయింది. అత్త ముఖం పాలిపోయింది. మామ లేచి ఫొటో గదిలోకి పోయి గాజు పలకల పెట్టె తెచ్చుకున్నాడు. పెళ్ళయిన తరువాత మొదటిసారి నాతో నేరుగా మాట్లాడాడు.

"మొదటిమారు ఎప్పుడు?"

"పెత్రమాసకు ముందల, దసరా రాకముందే."

"రెండోది?"

"దీపావళి ఎనుక. మూడోది పుష్యంల."

పలకల్ని తీసిన వరుసలో ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూశాడు. మసక, మసక, తేట. మసక, తేట. మళ్ళీ మసక, తేట. ఆఖరున మసక. చివరి పలక దించి, అత్త వైపు చూసి, "నిజమే" అన్నాడు. పలకల్ని మళ్ళీ పెట్టెలో సర్ది మూత వేశాడు.

ఇక నన్ను తల్లిగారింటికి పంపే మాట ఎవరూ ఎత్తలేదు. మర్నాడు వంట ముగించి, చేతులు కడుక్కుని, కంటి అద్దం పెట్టెలోంచి తీసుకుని ఫొటో గది గుమ్మంలో నిలబడ్డాను. లెన్సు ఇస్తారనుకున్నాను. అక్కడే, మంచి వెలుతురులో, బల్ల మీద కూర్చుని, అందరూ చూస్తుండగా చేద్దామనుకున్నాను. మామ తల దించుకుని పక్క నుంచి వెళ్ళిపోయాడు. అత్త వచ్చి, "ఇప్పుడు కాదు" అన్నది.

"ఎందుకు కాదు? ఒక్కపూట పని. రేపటికి తేట చేసిస్త."

"మంచిగున్నప్పుడు చేస్తె పోదది. మూడుమార్లూ ముట్టుల చేస్తెనే పోయింది గద? దానికి ఆ చెయ్యే పడతది. తొందరేంది? నీ దినం రానియ్యి."

ఎండలో పెట్టింది పోయింది. స్పిరిట్ పోయింది. మా బాపు దగ్గర వంగి కూర్చుని నేర్చుకున్న ఏళ్ళన్నీ పోయాయి. మొదట ముట్టుతో చెడింది, ఇప్పుడు ముట్టుతో బాగవుతుంది. మధ్యలో నేనెక్కడా లేను. గట్టిగా అరిచాను ఆ రోజు, పని ఇది, పని, మంత్రం కాదని. ఆమె వంటింట్లోకి పోయి పొయ్యి ఊదుకుంది. మూడు వారాలు లెన్సు గూట్లోనే ఉంది. పెళ్ళిళ్ళు పోతున్నా మామ కూడా ఎదురుచూశాడు, నా దినం కోసం.

ఆ దినం వచ్చింది. నేను గదిలో చాప పరుచుకున్నానో లేదో, మా అత్త ఎర్రగుడ్డ మూటతో వచ్చింది. అన్నం తెచ్చినట్టే వచ్చి, అన్నం పెట్టినట్టే గడప మీదికి వంగింది.

"కింద పెడితె తీసుకోను అత్తమ్మా" అన్నాను.

వంగినది అలాగే ఆగింది. "ఏందే?"

"చేతికియ్యి."

"ఎట్లిస్త? ముట్టైత గద."

"ముట్టు కోసమే గద తెచ్చినవు."

ఆమె నిటారుగా నిలబడింది. మూటను గుండెకు పట్టుకుని నన్ను చూసింది. నేను చెయ్యి చాచి ఉంచాను. మర్నాడు కొండాపురంలో పెళ్ళివారి ఫొటో ఉందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. గూడ్సుబండి ఒకటి స్టేషను దాటి పోయింది. నా చెయ్యి లాగుతోంది, దించలేదు.

చివరికి ఆమె ఒక అడుగు వేసింది. మూట నా అరచేతిలో పెట్టింది. ఆమె వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి, గరుకుగా, పసుపు వాసనతో. ఆ గదిలో ఉన్నప్పుడు ఇంకో మనిషి నన్ను తాకడం ఆ ఇంట్లో అదే మొదలు. ఒక్క క్షణం ఏడుస్తానేమో అనుకున్నాను.

అంతలో ఆమె వెనక్కి తిరిగి, తిన్నగా బావి దగ్గరికి నడిచింది. చేద వేసింది. కట్టుబట్టతోనే తల మీద నీళ్ళు గుమ్మరించుకుంది. మళ్ళీ చేద వేసింది. నేను మూట విప్పి లెన్సును ఒళ్ళో పెట్టుకున్నాను, కానీ ఆ కోపంలో మర మీద చెయ్యి వెయ్యలేదు. చేద బావిలోకి దిగడం, పైకి రావడం, నీళ్ళు బండ మీద పడడం వింటూ కూర్చున్నాను.